పాట పెంచినవాడు

మా సంఘంలో కోత పండుగ వేలం వేసేది నేనే. ఇరవై రెండేళ్లుగా నేనే. స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్రభుదాస్ ఎవరని అడిగితే చర్చి వేలం ప్రభుదాస్ అంటారు తప్ప, రోజూ రైలెక్కి జనగామ పోయి ఒక సర్కారు ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా పనిచేసి వస్తాననే సంగతి ఎవరికీ గుర్తుండదు. పోయినేడు ఒక గుమ్మడికాయను పదకొండు వేలకు అమ్మాను. మామూలు గుమ్మడికాయే, సంతలో అయితే నలభై రూపాయలు పలకదు. పాడుకున్న మనిషి డబ్బు కట్టి, కాయను మళ్లీ బల్ల మీదే పెట్టి పోయాడు. అది మా దగ్గర ఆనవాయితీ. పాడుకున్నది తిరిగి ఇస్తే అదే వస్తువు రెండోసారి వేలానికి వస్తుంది.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. పాట ఎక్కడైనా ఆగిపోతే మైకులో "వెనక నుంచి రెండు వేల ఐదు వందలు" అంటాను. వెనక ఎవరూ ఉండరు, గోడ ఉంటుంది. ఆ సంగతి పాడేవాడికి తెలుసు, పాస్టరుగారికి తెలుసు, చాప మీద కూర్చున్న పిల్లలకూ తెలుసు. అందరూ నవ్వుతారు, పాడేవాడు ఇంకో వంద పెంచుతాడు. దేవుని పని గనుక దాన్ని ఎవరూ అబద్ధం అనరు. కాకపోతే ఎక్కడ ఆపాలో తెలియాలి. నేను పాడేవాడి ముఖం మీదే కన్నేసి ఉంచుతాను. ఒక్కసారి పెళ్లాం వైపు చూశాడంటే ఇక పెంచను, మూడోసారి అనేసి కొట్టేస్తాను. ఇన్నేళ్లలో ఏ ఒక్కడూ నా వల్ల ఇంటికి పోయి తిట్లు తినలేదు. ఆ మాట గర్వంగానే చెప్పుకునేవాణ్ణి.

ఈ తెలివే నా కొంప ముంచింది.

నా బామ్మర్ది ఇమ్మానుయేల్ మహబూబాబాద్‌లో ఉంటాడు. నా భార్య రూతుకు ఒక్కగానొక్క తమ్ముడు. పట్టిన ప్రతి ఉద్యోగాన్నీ మధ్యలో వదిలేశాడు. ఇప్పుడు పాత సామాను దుకాణాలు తిరిగి గోడ గడియారాలు, రేడియోలు, ఇత్తడి తాళాలు ఏరుకొచ్చి, తుడిచి, ఆన్‌లైన్ వేలంలో అమ్ముతున్నాడు. మూడేళ్లుగా వాళ్లింట్లో నలుగురూ దాని మీదే బతుకుతున్నారు. పోయిన జూలైలో ఒక శనివారం ఫోన్ చేశాడు.

"బావా, ఒక సిరా పెన్ను పెట్టిన. యాభై ఏండ్ల కిందటిది, బంగారు పాళీ. రేపు నాలుగు గంటలకు వేలం అయిపోతది. ఇద్దరు పాడుతున్నరు గని పదిహేను వందల కాడ ఆగిండ్రు. నువ్వు జర లేపు."

"నాకు గా ఆన్‌లైన్ ఏం తెలుసురా? నేనెట్ల లేపుత?"

"నేను చెప్త గదా. అకౌంటు తెరిచి నంబరు కొట్టుడే. గుమ్మడికాయను పదకొండు వేలకు లేపినోనివి, నీకు పెన్నొక లెక్కనా? రెండున్నర వేల దాకా లేపి ఇడిచిపెట్టు."

అలా నన్ను మునగచెట్టు ఎక్కించాడు. ఎక్కాను. ఫొటో పంపించాడు. నల్లటి పెన్ను, బంగారు క్లిప్పు, మూత మీద సన్నటి తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి, "వాల్యా పంతులు 1974" అని.

"పేరు చెక్కి ఉంటే ధర పలుకదు బావా. పెన్నులు జమ చేసేటోళ్లు ఇంకొకల పేరున్నది కొనరు. లేకుంటె నిన్నెందుకు పరేషాన్ చేస్త" అన్నాడు.

ఆ మాటలోనే అంతా ఉంది. వేరేవాళ్ల పేరున్న పెన్నును ఎవరూ ఎక్కువ పెట్టి కొనరని వాడే చెప్పాడు. మరి ఎవరైనా ఎక్కువ పెడుతున్నారంటే ఆ పేరు కోసమే కదా పెడతారు. రికార్డు గదిలో ముప్పై ఏళ్లు కాగితాలు చదివినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. తట్టదు. పొగడ్త చెవిన పడ్డాక బుద్ధి ఎక్కడ పనిచేస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక రూతు స్త్రీల సమాజం కూడికకు పోయింది. నేను తిని, మంచం మీద ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. ఆ వేలంలో పేర్లు పూర్తిగా కనిపించవు. మొదటి అక్షరం, తర్వాత చుక్కలు. ఒకరు ఇంగ్లీషు ఆర్, ఒకరు జి. ఆర్ అన్నవాడు రెండు వేల మూడు వందల దగ్గర తప్పుకున్నాడు. జి రెండు వేల నాలుగు వందలు అంది. నేను రెండున్నర వేలు కొట్టాను. పని అయిపోయింది, ఫోన్ పక్కన పెట్టాలి. పది సెకన్లు కాలేదు, జి నుంచి రెండు వేల ఆరు వందలు వచ్చింది.

అంత తొందరగా వచ్చిందంటే చేతిలో డబ్బు ఆడేవాడే అనుకున్నాను. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చొని, గోడ నిండా పెన్నులు పేర్చుకున్న ఆసామి ఒకడు నా కళ్ల ముందుకు వచ్చాడు. లావుపాటి వేళ్లు, నాలుగు ఉంగరాలు. వాడిని నేనే తయారు చేసుకున్నాను, నేనే వాడి మీద కోపం తెచ్చుకున్నాను. ఉన్నోడు పెట్టనీ, నా బామ్మర్ది పిల్లలు నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు అనుకొని ఇంకో వంద కొట్టాను. వాడూ కొట్టాడు. నాలుగు గంటలు దాటినా వేలం ముగియలేదు. ఆఖరి నిమిషాల్లో ఎవరు పాడినా గడువు ఐదు నిమిషాలు జరుగుతుందట. అలా జరుగుతూ పోయింది. నేను ఐదు వందలు పెంచితే వాడు వెంటనే వంద కలిపేవాడు. నాకు రక్తం వేడెక్కింది. నిజం చెప్పాలి, ఏ గుమ్మడికాయకూ ఇంత మజా రాలేదు.

మధ్యలో ఒకటి రెండుసార్లు ఆపుదామనిపించింది. ఎక్కడ ఆపాలి? ముఖం చూస్తే కదా తెలిసేది. ఫోన్‌లో ముఖం లేదు. ఒక అక్షరం, నాలుగు చుక్కలు. పెళ్లాం వైపు చూశాడో, నేల వైపు చూశాడో, గుటకలు మింగాడో ఏం తెలుస్తుంది. ఐదున్నరకు జి పద్దెనిమిది వేల నాలుగు వందలు అంది. నేను పద్దెనిమిది వేల ఐదు వందలు కొట్టాను.

తర్వాత ఏమీ రాలేదు.

పది సెకన్లు, ఒక నిమిషం, మూడు నిమిషాలు. కొట్టురా, కొట్టు అని ఫోన్‌ను బతిమాలాను. గడువు తీరింది. తెర మీద రంగు కాగితాలు రాలుతున్న బొమ్మతో పాటు, మీరు గెలిచారు అని వచ్చింది. నా జీవితంలో ఇంత చేదు గెలుపు ఇంకొకటి లేదు. ఇల్లు కారి గోడలు తడుస్తుంటే బాగు చేయించని మొగుడు పద్దెనిమిది వేలకు సిరా పెన్ను కొన్నాడని తెలిస్తే రూతు ఏమంటుందో ఆలోచించడానికే భయమేసింది.

ఇమ్మానుయేల్ మాత్రం ఫోన్‌లో పగలబడి నవ్వాడు.

"పరేషాన్ గాకు బావా. నువ్వు వద్దన్నవని రాసి, రెండో పాటాయనకు ఇస్త. ఆయన ఆఖరి పాట పద్దెనిమిది వేల నాలుగు వందలు గదా. గదే ధరకు తీసుకుంటవా అని అడుగొచ్చు. రూలే ఉన్నది."

"తీసుకుంటడా?"

"గంత దూరం వచ్చినోడు తీసుకోడా?"

సరే అన్నాను. అదే నేను చేసిన అసలు తప్పు. అంతకు ముందుది మూర్ఖత్వం, ఇది మాత్రం తెలిసి చేసింది. నేను పాడకపోతే రెండు వేల నాలుగు వందలకు దొరికే పెన్ను అది. ఆ లెక్క నాకు తెలుసు. అయినా గండం నా నెత్తి మీద నుంచి ఇంకొకడి నెత్తికి మారితే చాలనుకున్నాను. ఆ సాయంత్రం రెండు ప్లేట్ల అన్నం తిన్నాను.

మూడో రోజు ఆఫీసులో ఉండగా మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

"బావా, పెన్ను తీసుకున్నది మొగాయన కాదు. గీత అని, మొగుళ్లపల్లి దవాఖానల కాంట్రాక్టు నర్సు. వాల్యా పంతులు అంటె వాళ్ల బాపు. గార్ల కాడి తండల పాత ఇల్లు కూలగొట్టినప్పుడు ఇనుప పెట్టెతోని పెన్ను గూడ పాత సామాన్లకు పోయిందట. ఏడాది సంది ఎతుకుతుందట."

వాకిట్లోకి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాను.

"పైసలు తిరిగి ఇచ్చెయ్యిరా. రెండు వేల నాలుగు వందలు తీసుకొని మిగిలినవి పంపు."

"ఎక్కడియి బావా? కిరాయి కట్టిన, పిల్లల ఫీజు కట్టిన. అయినా ఏమని చెప్పి పంపాలె? మా బావతోని దొంగ పాట పాడిచ్చిన అని చెప్పాల్నా? నా అకౌంటు బంద్ అయితది. మేం రోడ్డు మీద పడుతం. అక్కకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

వాడు ఇంకాస్త మెల్లగా, "ఇంకోటి ఉన్నది" అన్నాడు. "గెలిచినాయన ఎందుకు ఇడిచిపెట్టిండని ఆమె అడిగింది. అనుమానం రావద్దని ఒక మాట రాసిన. ఆయనకు పెన్నులంటే పానం, మీ బాపు పెన్నని చెప్పంగనె మీకే ఇయ్యమన్నడు అని. ఇగ వాళ్ల బాపు నిన్ను చూస్తనంటుండు. రెండో శనివారం వస్తరట. నీ అడ్రసు ఇచ్చిన. పెన్ను గూడ నీ కాడనే తీసుకుంటరట."

మెడకు పడ్డ పాము కరవక మానుతుందా. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం, అడ్రసు ఇచ్చేశాడు.

రెండో శనివారం పొద్దున్నే మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చి, పెన్ను డబ్బా నా చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా ఎదురు రైలెక్కి పారిపోయాడు ఇమ్మానుయేల్. రూతుతో, తమ్ముడి సామాను కొన్నవాళ్లు తీసుకుపోవడానికి వస్తున్నారని మాత్రం చెప్పాను.

పదకొండు గంటలకు ఆటో ఆగింది. ముందు గీత దిగింది. నలభై ఏళ్లు ఉంటాయి, చూపులోనే అలసట కనిపిస్తుంది. ఆమె చెయ్యి పట్టుకొని వాల్యా సార్ దిగాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఒక కంటికి పొర, చేతిలో మక్క కంకుల సంచి. సంచి రూతుకు ఇచ్చి, నా చెయ్యి తడుముతూ పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి మళ్లీ వదల్లేదు.

"ప్రభుదాస్ అంటె నువ్వేనా బిడ్డా?"

"అవును సార్."

"నా పెన్ను కోసం కొట్లాడినవట. గీత చెప్పింది. పద్దెనిమిది వేల ఐదు వందల దాకా పోయినవట."

టీ గ్లాసులు తెస్తున్న రూతు గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను అటు చూడలేదు. చూడకపోయినా ఆ చూపు నా చెంపకు తగిలింది. ఔనంటే పెళ్లాం ముందు దోషిని, కాదంటే అదే పెళ్లాం తమ్ముడు దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పోయిన సార్" అన్నాను.

"ఏ సాలు చదివినవ్ నా దగ్గర? పది రోజులసంది యాది చేసుకుంటున్న. గార్లల ఒక ప్రభుదాస్ ఉండె, వాడు పొట్టోడు. నువ్వు గాదు."

"నేను మీ దగ్గర చదువలే సార్."

"మరి నేను నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేదు సార్. పెన్ను మీద పేరు చూసిన, గంతే."

నిజమే చెప్పాను. ఆ పూట సార్ ముందు నా నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం, అన్ని అబద్ధాల కంటే అదే ఎక్కువ పనిచేసింది. ఆయన కూతురితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. గీత తల వంచుకొని నాకు చెప్పింది. "ముక్కు మొఖం తెల్వని మనిషి నా పేరు చూసి ఇంత పెట్టదలిచిండు అంటుండు."

నేను పెన్ను డబ్బా చేతిలో పెడితే, టీ తాగుతూ దాని కథ చెప్పాడు సార్. తండాలో పంతులు ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి ఆయన. ఇంటికింత వేసుకొని, వరంగల్ పోయి, ఈ పెన్ను కొని, పేరు చెక్కించి ఇచ్చారట తండావాళ్లు. "నలభై ఏండ్లు గీ పెన్నుతోనే అర్జీలు రాసిన బిడ్డా. భూమి అర్జీ, పింఛన్ అర్జీ, బోరింగ్ అర్జీ. ఎవలకు కావాలన్నా రాసిన. ఇప్పుడు వాళ్ల మనుమలకు నేనెవలినో తెల్వదు. తండకు పోతే బెంచీ మీద జాగ గూడ ఇయ్యరు" అని నవ్వాడు. "గసొంటిది నువ్వు గింత దూరం పోయినవ్."

రూతు మధ్యలో అందుకుంది. "మా సంఘంల ఆనవాయితే గట్లున్నది సార్. పాడుకున్నది తిరిగి ఇచ్చుడే." నవ్వుతూనే అంది. ఆ నవ్వు వాళ్ల కోసం, కళ్లు నా కోసం.

సార్ జేబులోంచి చిన్న సిరా బుడ్డి తీశాడు. పెన్నులో సిరా పోసి, నా పాత క్యాలెండర్ వెనక తన పేరు రాశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తర్వాత పెన్ను నా చేతికి ఇచ్చాడు.

"నువ్వు రాయి. నీదయ్యే పెన్ను నాకిచ్చినవ్. ఒక్కసారన్న రాసి ఇయ్యి."

పదో తరగతి తర్వాత నేను సిరా పెన్ను పట్టింది లేదు. ఆఫీసులో రీఫిల్ పెన్నులే. పట్టుకొని గీశాను. కర్రుమంది, కాగితం చిరిగింది, చుక్క సిరా పడలేదు. మళ్లీ గీశాను. మళ్లీ అంతే. సార్ కంటికి అది ఆనలేదు. "ఎండిపోయి ఉంటది, పాతది గదా" అని పెన్నును వెనకేసుకొచ్చాడు. గీత మాత్రం చూసింది. లేచి వచ్చి, నా వేళ్ల మధ్య పెన్నును అటు తిప్పింది. నేను పాళీని బోర్లా పట్టుకున్నాను. ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు తిప్పి, ఏమీ అనకుండా పోయి కూర్చుంది. నేను నా పేరు రాశాను.

వాళ్లను బస్సెక్కించడానికి నేనూ ఆటోలో వెళ్లాను. బస్టాండులో సార్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, గీత నన్ను నీళ్ల కుళాయి దగ్గరికి పిలిచింది.

"అన్నా, నువ్వు పెన్ను కోసం పాడలే."

"లేదు చెల్లె."

"మరెందుకు పాడినవ్?"

అంతా చెప్పాను. బామ్మర్ది ఫోన్, గుమ్మడికాయ, మైకు, వెనక గోడ, ఏదీ దాచలేదు. నేను ఆపాక, ఆమె గొంతు పెంచకుండానే అంది.

"ఆ రోజు కాన్పుల వార్డుల డ్యూటీ నాది. ఫోన్ కోటు జేబుల పెట్టుకొని పాడిన. నువ్వు కొట్టంగనె కొట్టిన, ఆలస్యమైతె పోతదేమోనని. పద్దెనిమిది కాడికి వచ్చేసరికి నా దగ్గర ఇంక లేవు. బాత్రూంల పోయి ఏడ్చిన. నీ మూతి మీద ఒక్కటి గుద్దాలని ఉన్నది నాకు."

"గుద్దు చెల్లె."

గుద్దలేదు. గుద్దినా బాగుండేది.

"నువ్వు ఎక్కువ కట్టింది నేనిస్త" అన్నాను. "రెండు జీతాలల్ల ఇస్త. సార్‌కు గూడ ఇప్పుడే చెప్పి, కాళ్లు మొక్కి పోత."

"పైసలు ఇయ్యి. ఎందుకు తీసుకోను, నా కష్టం గది. బాపుకు మాత్రం చెప్పొద్దు."

"చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు చెల్లె."

"చెప్తె నీకు కడుపు సల్లగయితది. ఆయనకేమయితది?" అని బెంచీ వైపు చూసింది. అక్కడ సార్ పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ప్రయాణికుడికి పెన్ను డబ్బా తెరిచి చూపిస్తున్నాడు. "అమ్మ పోయిన్నుంచి ఆయన మాట్లాడుడే బంద్ చేసిండు. పెట్టింది తిని గోడ దిక్కు తిరిగి పండేటోడు. గీ పది రోజులసంది తండల ఒక్కొక్కనికి ఫోన్ చేసి చెప్తుండు, ఘన్‌పూర్‌ల ఒకాయన నా పెన్ను కోసం కొట్లాడిండని. గిప్పుడు గది ఉత్త ముచ్చట అని నువ్వు చెప్తవా? పైసలు నాకియ్యి. నిజం నీ దగ్గరనే పెట్టుకో."

బస్సు వచ్చింది. సార్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి రూతు కంకులు ఒలుస్తోంది. అడగకముందే చెప్పేశాను. తమ్ముడికి ఫోన్ చేసి, ఇద్దరు పిల్లల తండ్రి అని కూడా చూడకుండా అరగంట కడిగేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజులు ఒక్క మాట అనలేదు, కూరలో ఉప్పు ఎక్కువైందా అని కూడా అడగలేదు. నాలుగో రోజు మాత్రం, "నువ్వు మైకుల చెప్పేటిది నిజమా అబద్ధమా అని ఇన్నేండ్లు నేను ఆలోచన చెయ్యలే" అంది. అంతకంటే తిట్టినా నయమే.

రెండు జీతాల్లో డబ్బు పంపేశాను. గీత "అందినయ్" అని ఒక్క మాట పెట్టింది. డబ్బు తీరితే మెడలో ఉచ్చు కొంచెం వదులవుతుందనుకున్నాను. ఎక్కడ? ప్రతి ఆదివారం ఆరాధన కాగానే సార్ దగ్గర నుంచి ఫోన్. నా దగ్గర ఇంకా ఏమేం పెన్నులు ఉన్నాయి, ఏ సిరా వాడతాను, పాళీ ఎట్లా కడుగుతాను. మొదటి వారం తడబడ్డాను. రెండో వారం నుంచి శనివారాలు కూర్చొని ఫోన్‌లో పెన్నుల సంగతులు చదవడం మొదలుపెట్టాను. పరీక్షకు చదివినట్టు చదివి, లేని పెన్నులకు పేర్లు పెట్టి, అవి ఏ బీరువాలో ఉన్నాయో కూడా చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకొకటి కాపలా, దానికి మరొకటి. సిగ్గు లేకపోతే సరి.

ఒక ఆదివారం తట్టుకోలేకపోయాను. గీత తిడితే తిట్టనీ అనుకున్నాను.

"సార్, మీకొక మాట చెప్పాలె. ఆ వేలం రోజు..."

"ఆగు బిడ్డా, ఆగు" అన్నాడు. "మా పక్కింటాయన వచ్చిండు. నేను చెప్తె నమ్ముతలేడు. ఆ వేలం ముచ్చట నువ్వే చెప్పు, ఫోన్ ఆయనకిస్త."

పక్కింటాయనకు చెప్పాను. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మైకులో చెప్పినట్టే చెప్పాను. అవతల సార్ నవ్వు వినిపిస్తోంది. ఆ నవ్వు వింటూ నేను ఇంకా బాగా చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబరులో పోస్టులో ఒక కవరు వచ్చింది. నీలి సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు.

"చిరంజీవి ప్రభుదాసుకు వాల్యా ఆశీర్వదించి వ్రాయునది. నాకు ఎనభై నిండబోతున్నవి. నా తరువాత ఈ పెన్ను ఎవరికి చెందవలెనని ఆలోచన చేసితిని. గీత నా బిడ్డ గనుక దీనిని కోరుకున్నది. నీవు నాకు ఏమీ కాకుండానే కోరుకున్నావు. కాబట్టి ఇది నీకే చెందవలెను. గీతకు చెప్పినాను, ఒప్పుకున్నది. నీవు కాదనరాదు. నీ సమ్మతి తెలుపుతూ సిరాతో రెండు వాక్యములు వ్రాసి పంపుము. దానిని ఈ పెన్ను పెట్టెలోనే దాచి ఉంచెదను."

రూతుకు చూపించాను. చదివి, మడిచి, నా ముందే పెట్టి వంటింట్లోకి పోయింది.

సాయంత్రం గీత ఫోన్ చేసింది. ఈసారి పలకరింపు కూడా లేదు.

"ఉత్తరం అందిందా?"

"అందింది."

"నన్ను పక్కన కూసోబెట్టుకొని రాసిండు. నీకు బాధ లేదు గదా బిడ్డా అని అడిగిండు. లేదు బాపు అన్న."

"నేను వద్దని రాస్త చెల్లె. ఏదన్న ఒకటి చెప్త."

"ఏం చెప్తవ్? పెన్నులంటె పానం ఇచ్చేటోనివి, వద్దంటె ఎందుకని అడుగుతడు. రాసి పంపు."

అవతల వార్డులో ఎవరో సిస్టర్, సిస్టర్ అని పిలుస్తున్నారు. ఆమె కదల్లేదు.

"అది నీది చెల్లె" అన్నాను. "ఏనాటికైనా నీ ఇంటికి తెచ్చి నీ చేతుల పెడుత. నా మాట నమ్ము."

"తేకు" అంది. "గది బాపు రాసిన మాట. దాన్ని తప్పిస్తె నేను బిడ్డనే గాదు. నీ ఇంట్లనే పెట్టుకో. రోజూ తీసి చూడు, పేరు చదువు."

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు జనగామలో రైలు దిగి, ఆఫీసుకు పోకముందే ఒక సిరా పెన్ను కొన్నాను. రికార్డు గదిలో కూర్చొని తెల్ల కాగితం మీద రాశాను. "సార్, మీ మాట శిరసావహిస్తాను. ఆ పెన్ను కోసం ఎదురు చూస్తాను." చదివి చూసుకుంటే రెండో వాక్యం ఆయన చావు కోసం ఎదురు చూస్తున్నట్టుంది. కొట్టేద్దామంటే సిరా, కొట్టివేత కనపడుతుంది. ఇంకో కాగితం తీసుకొని మొదటి వాక్యం ఒక్కటే రాశాను. రెండు వాక్యాలు కావాలన్నాడు కదా. చాలాసేపు కూర్చున్నాను. చివరికి కింద, "గీతమ్మ పాట నా పాట కంటే పెద్దది సార్" అని రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేశాను.

ఆదివారం సార్ ఫోన్ చేశాడు. "ఎంత పెద్ద మనసు బిడ్డా నీది" అన్నాడు.